పచ్చాకు

"రోజుకి ఎన్ని తాగుతారమ్మా?" అన్నాడు డాక్టర్ ప్రద్యుమ్న, చూస్తున్న కాయితం మీంచి తలెత్తకుండానే.

తెరేసమ్మ ఎడంకాలు ముందుకి చాచి, వాకర్ మీద ఒక చెయ్యి వేసి, కుర్చీ అంచున కూర్చుని ఉంది. టీ సంగతి అడుగుతున్నాడనుకుంది.

"రెండుసార్లండి. పొద్దున్నే ఒకటి, పనికాడ ఒకటి."

"టీ కాదు. సిగరెట్లా, బీడీలా, చుట్టా?"

వెనక నిలబడ్డ కొడుకు ఫిన్నీ చేతిలో ఎక్సరేల కవరు కిర్రుమంది. పక్క బల్ల దగ్గర కేసుషీట్లు సర్దుతున్న జూనియర్ డాక్టరమ్మ జ్ఞానేశ్వరి ఒకసారి చూసి తల దించుకుంది.

"నేనట్టాంటియ్యి ముట్టనండి."

"ఖైనీ? గుట్కా? పళ్ళకి పొగాకు పొడి?"

"వేపపుల్లండి. ఇప్పుడు పేస్టు."

డాక్టరు పెదవి ఒక పక్కకి వంచి నవ్వాడు. "బయట నలభై మంది ఉన్నారు, నాకు టైము లేదు. నవంబరులో మీ కాలెముకలో రాడ్డు వేశాను. డిసెంబరు ఎక్సరేలో కొత్త ఎముక మొదలైంది, నా కళ్ళతో చూశాను. ఇవాళ ఫిబ్రవరి ఆఖరు. ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. షుగర్ లేదు, చీము లేదు. అనుమానం వచ్చి మూత్రం పరీక్ష రాశాను." కాయితం ఆమె వైపు తిప్పి వేలితో కొట్టాడు. "నికోటిన్ ఒంట్లోకెళ్తే కోటినిన్‌గా మారుతుంది. ఇదిగో, రోజుకి అరపెట్టె కాల్చే మనిషికి ఉన్నంత ఉంది. మనిషి అబద్ధం చెబుతాడు. మూత్రం చెప్పదు."

"దేవుడి సాచ్చిగా..."

"దేవుణ్ణి ఎందుకమ్మా మధ్యలోకి? విను. నికోటిన్ వెళ్ళినప్పుడల్లా రక్తనాళాలు ముడుచుకుపోతాయి. గుండె దడదడ పరిగెత్తుతుంది గానీ చివర్లకి, విరిగినచోటికి రక్తం అందదు. రక్తం అందని ఎముక అతకదు. నీ తుంటి నుంచి ఎముక గీకి తీసి అక్కడ పెట్టాలి. నువ్వు తాగుతుంటే అదీ చస్తుంది. రేపు కాలు తీసేయాల్సి వస్తే నన్ను తిడతారు."

'మీరు' ఎక్కడ 'నువ్వు' అయిందో తెరేసమ్మకి తెలిసింది.

డాక్టరు ఎర్ర పెన్ను తీసి కేసుషీటు మీద ఇంగ్లీషులో రెండు లైన్లు రాసి, కింద గీత గీశాడు. "రెండు వారాలు మానెయ్. మళ్ళీ పరీక్ష చేస్తాం. శుభ్రంగా వస్తే ఆపరేషను. రాకపోతే ఉచిత వైద్యం కార్డు మీద నేను ఆపరేషను పెట్టను. వేరే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నెక్స్ట్!"

లిఫ్టు దగ్గర తెరేసమ్మ కొడుకుని అడిగింది. "ఎర్రగా ఏం రాశాడ్రా?"

"పొగాకు అలవాటుంది. అడిగితే ఒప్పుకోవట్లేదు," అని చదివాడు ఫిన్నీ, ఆమె మొహం చూడకుండా.

బస్సు గొల్లపూడి దాటింది. బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల షాపులో పని చేస్తాడు ఫిన్నీ. ఒక పూట సెలవు పెట్టి వచ్చాడు. కిటికీలోంచి బయటికి చూస్తూనే, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

"చుట్ట తాగి తాగి నాన్న దవడ తీసేసినాక ఆ గుడ్డలు మార్చింది ఎవరమ్మా?"

"నేనే."

"ఆ పురుగుల్ని ఏరింది?"

"నేనేరా."

"మరి నీకెట్టా మనసొప్పింది?"

ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. తెరేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పక్క సీట్లోంచి చూసేవాళ్ళకి అది సిగ్గులా కనబడి ఉంటుంది. అది కోపం.

ఇంటికి రాగానే ఫిన్నీ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాడు. పరుపు తిరగేశాడు. పొయ్యి గట్టు కింద, బైబిలు వెనక, చూరులో వెతికాడు. తెరేసమ్మ గుమ్మంలో వాకర్ పట్టుకు నిలబడి అంతా చూసింది. ఆపలేదు.

"దొరికిందా?" అంది చివరికి.

"ఎక్కడ దాచావో నీకే తెలియాలి," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం. ఆరు గంటలకే ఆటో ఆమెని పొగాకు రైతు రామకోటేశ్వరరావుగారి పందిరి దగ్గర దించింది. ఊరికి అవతల, నల్లరేగడి చేను గట్టు మీద వేసిన పొడుగాటి తాటాకు పందిరి. తెల్లారకముందే కోసిన ఆకు ట్రాక్టరులో వచ్చి పడుతుంది. ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, దబ్బనానికి పురికొస ఎక్కించి, ఆకు వెనక ఆకు ఈనెలోంచి గుచ్చుతారు. తోరణం నిండితే ఇద్దరు మొగవాళ్ళు పట్టుకెళ్ళి ఎండలో కర్రల మీద వేలాడదీస్తారు.

కాలు విరగక ముందు తెరేసమ్మ పత్తి తీసేది, మిరప కోసేది. నిలబడి చేసే పనులన్నీ నవంబరుతో పోయాయి. క్రిస్మస్ మర్నాడు రామకోటేశ్వరరావుగారి భార్య రాజ్యలక్ష్మి కబురు పెట్టింది: "కూర్చుని చేసే పనేగా, వచ్చి ఆకు గుచ్చమను." ఆ మాటకి తెరేసమ్మ మోకాలి మీద ఉండగలిగితే మోకరిల్లేదే. అప్పట్నుంచీ పీట మీద కూర్చుని, ఎడంకాలు గోనె మీద చాపి, ఒళ్ళో తడి ఆకు పరుచుకుని గుచ్చుతోంది. అందరికన్నా ఎక్కువ తోరణాలు ఆమెవే. లేచి తిరగలేదు కనక మిగతావాళ్ళు మంచినీళ్ళకి లేచినప్పుడు కూడా ఆమె చేతులు ఆడుతూనే ఉంటాయి.

ఆ రోజు మంచు బాగా కురిసింది. ఆకు మీంచి నీళ్ళు కారుతున్నాయి. అరగంటకల్లా తెరేసమ్మ లంగా దాకా తడిసింది. వేళ్ళకి జిగురు పట్టి, పచ్చగా మొదలై, పసుపై, పది గంటలకి తారులా నల్లబడింది. పక్కన అమలమ్మ చింతపండు ముద్దతో అరచేతులు రుద్దుకుంటూ గొణిగింది. "ఈ బంక చస్తే గానీ పోదు."

వరస చివర కూర్చున్న సాయిశ్రీ ఉన్నట్టుండి లేచి, రెండడుగులు వేసి, గుంజ పట్టుకుని వాంతి చేసుకుంది. ఆ పిల్ల కొత్తగా పెళ్ళయి వచ్చింది. ఆకు పని ఇదే మొదటి ఏడు, ఇది మూడో రోజు.

"ఆకు పట్టింది," అంది ఎవరో, తల తిప్పకుండానే.

"పడుతుంది మరి. నాల్రోజులు పోతే అలవాటవుద్ది."

"నెల తప్పిందేమో చూడండే," అని ఇంకొకావిడ నవ్వింది.

తెరేసమ్మ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. సాయిశ్రీ మొహం పాలిపోయి, పై పెదవి మీద చెమట పట్టి ఉంది. చలికాలం పొద్దు. నోట్లో నీళ్ళు ఊరుతుంటే ఉమ్మలేక కొంగుతో తుడుచుకుంటోంది. "తల తిరుగుతోంది పిన్నీ. గుండె ఎట్టా కొట్టుకుంటందో చూడు." ఆమె చెయ్యి పట్టుకు చూసింది తెరేసమ్మ. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. మణికట్టు కింద నాడి మాత్రం తరుముతున్నట్టు పరిగెత్తుతోంది.

గుండె దడదడ పరిగెత్తుతుంది గానీ చివర్లకి రక్తం అందదు. ఆ మాట ఎవరన్నారో ఆమెకి ఒక క్షణం గుర్తు రాలేదు. గుర్తు రాగానే దబ్బనం పక్కన పెట్టేసింది.

"పాపా, నువ్వు చుట్ట తాగుతావా?"

"చీ! అదేం అడగటం పిన్నీ?"

"మరి నీకు పట్టిందేంది?"

"ఆకు," అంది సాయిశ్రీ. అందరూ అనే మాటే.

తెరేసమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. తడిసిన చీర తొడలకి అంటుకుని ఉంది, చీర మీద ఆకు, ఆకు మీద చేతులు. కాల్చి లోపలికి పీల్చుకుంటేనే గదా అని ఇన్నేళ్ళూ అనుకుంది. తడిగుడ్డ నుదుటి మీద వేస్తే జ్వరం దిగట్లా? ఆముదం రాస్తే లోపలి నొప్పి తగ్గట్లా? తోలు దాటి పోయేదాన్ని ఆపేదేముంది? క్రిస్మస్ మర్నాడు. డిసెంబరు ఎక్సరేలో మొదలైన ఎముక ఆ తరవాత ఆగిపోయింది. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. రెండుసార్లు. అదే లెక్క వచ్చింది.

ఆ పొద్దు ఇంకో ఆకు గుచ్చలేదు.

శనివారం పందిరి దగ్గరికి పనికి వెళ్ళలేదు, మాట్లాడటానికి వెళ్ళింది. రాజ్యలక్ష్మి కుర్చీ వేసుకుని తోరణాలు లెక్క రాయిస్తోంది. రామకోటేశ్వరరావుగారు ట్రాక్టరు పక్కన ఫోన్లో ఉన్నారు.

తెరేసమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరు అడిగింది, పరీక్షలో వచ్చింది, సాయిశ్రీకి పట్టింది. "ఆకు తడిలోంచి ఒంట్లోకి దిగుతందమ్మగారూ. చేతులకి రబ్బరు తొడుగులు, ఒళ్ళో పరుచుకోను తడవని పట్టాలు ఇప్పించండి. అందరికీ."

రాజ్యలక్ష్మి మొదట నవ్వింది. తరవాత ఆ నవ్వు తుడుచుకుపోయింది.

"మా అత్తగారి హయాం నుంచీ ఇక్కడ ఆకు గుచ్చుతున్నారే. ఎవరికీ రాని రోగం నీకొచ్చిందా? చాటుగా చుట్ట పీల్చి డాక్టరుకి దొరికిపోయావు. అది మా ఆకు మీదకి తోస్తావా? కాలిరిగి మంచాన పడితే పిలిచి పని ఇచ్చానే నీకు!"

"ఇచ్చారు. కాదన్లేదు."

"మరి బుద్ధి చూపించుకున్నావు."

రామకోటేశ్వరరావుగారు ఫోను జేబులో పెట్టి వచ్చారు. ఆయన అరవలేదు. ఎప్పుడూ అరవరు. వరసలో కూర్చున్న అందరికీ వినబడేలా, నిదానంగా చెప్పారు. "తెరేసమ్మా, ఇట్టాంటి మాట బయటికి పోయిందంటే వచ్చే ఏడు నేను పొగాకు వెయ్యను. మొక్కజొన్న వేస్తాను. దానికి మిషనొస్తుంది. ఒక్క పూటలో కోసి పోతుంది. మీరెవరూ అక్కర్లేదు. నాకేం పోయింది?"

పంతొమ్మిది దబ్బనాలు ఆగాయి.

అందరికన్నా ముందు లేచింది అమలమ్మ. చిన్నప్పట్నుంచీ ఒకే గోడకి ఆనుకుని పెరిగినవాళ్ళు ఇద్దరూ. "నీ కాలు అతకలేదని మా నోటికాడ కూడు తీస్తావా? తాగితే తాగావు, నీ ఖర్మ. మేం అడిగామా? మా ఒళ్ళు బాలేదని నీతో చెప్పామా?"

"నిన్న నీ చేతులకి చింతపండు రుద్దుకుంటా ఏమన్నావే?"

"ఏమన్నా అన్నాను! నువ్వు పో ఇక్కణ్ణించి."

సాయిశ్రీ తల వంచుకుని మళ్ళీ గుచ్చడం మొదలుపెట్టింది. తెరేసమ్మ ఆ పిల్ల వైపు చూసింది. పిల్ల చూడలేదు. వాకర్ కాళ్ళు నల్లమట్టిలో దిగబడుతుంటే పీక్కుంటూ, రోడ్డు దాకా వచ్చేసరికి అరగంట పట్టింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

ఆదివారం పొద్దుట తల మీద ఎవరో రోకలితో మోదుతున్నట్టు లేచింది. ప్రతి ఆదివారం ఇంతే. పని లేని రోజు తలనొప్పి, గుళ్ళో పాట మధ్యలో చిరాకు. సోమవారం పందిట్లో కూర్చున్న గంటకి చేత్తో తీసేసినట్టు పోయేది. పనిలో పడితే నొప్పులు మర్చిపోతాం అనుకునేది.

ఈసారి సోమవారం వచ్చినా పోలేదు. నిద్ర పట్టలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కాలు ఒప్పుకునేది కాదు. ఆకలి. తిన్న గంటకే మళ్ళీ ఆకలి. ఫిన్నీ గ్లాసు గట్టిగా పెట్టాడని అరిచింది. అరిచాక తనకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం ఉతకని బట్టలు వేరుచేస్తుంటే శుక్రవారం చీర చేతికి వచ్చింది. ఒళ్ళో భాగం అట్టలా బిరుసెక్కి ఉంది. దాన్ని బకెట్లో పడెయ్యబోయి ఆగింది. ఎప్పుడు ఎత్తిందో తెలియదు, ఆ గుడ్డ మొహానికి ఆనించుకుని ఉంది. ఘాటుగా, తియ్యగా, పుల్లగా పొగాకు వాసన. గుండెల నిండా పీల్చింది. తలలో రోకలి ఒక్కసారి ఆగినట్టయింది.

ఆమె చీరని పాములా విసిరికొట్టింది. ఎన్నడూ నోట పెట్టనిదానికి ఒళ్ళు బానిసయింది. అడగకుండా వచ్చింది, చెప్పకుండా కూర్చుంది. మొగుడు చివరి రోజుల్లో, మాట పడిపోయాక కూడా, రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టి సైగ చేసేవాడు. అప్పుడు ఆమెకి ఆ వేళ్ళు విరిచెయ్యాలనిపించేది. ఇప్పుడు ఆ సైగ అర్థమైంది. అర్థమైనందుకు ఒళ్ళు జలదరించింది.

గుమ్మంలోంచి ఫిన్నీ చూశాడు. అంతా చూశాడు.

"చూశావా," అన్నాడు. గొంతులో జాలి కూడా లేదు. "మానేస్తే ఇట్టాగే ఉంటది. నాన్నకీ ఇట్టాగే ఉండేది. ఇంకా తాగలేదంటావా?"

తెరేసమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. వాదించడానికి ఓపిక లేదు. వాదించి లాభం లేదని కూడా తెలిసింది.

"రేపు నీకు సెలవేగా?"

"అయితే?"

"ఇందాక వాన పడింది. ఆకు తడిసింది. మొయ్యటానికి మనుషులు చాల్లేదని మైకులో చెప్పారు. ఒక్క పూట వెళ్ళి మొయ్యి. చొక్కా ఒక్కటే వేసుకుని వెళ్ళు, పైన ఏం కప్పుకోవద్దు. నీకేం కాకపోతే నేను తాగినట్టే. గుళ్ళో అందరి ముందూ ఒప్పుకుంటా."

"ఒప్పుకుంటావా?"

"మాట."

మంగళవారం మబ్బుగానే ఉంది. ఫిన్నీ తెల్లారకముందు వెళ్ళాడు. పదకొండు దాటాక రోడ్డు మీద ట్రాక్టరు ఆగిన చప్పుడైంది. తెరేసమ్మ వాకర్ తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి కొడుకు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. గడప దగ్గర కూలబడి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేకపోయినా ఆగలేదు.

"ఎండ తగిలిందంట," అన్నాడు రొప్పుతూ. "రామకోటేశ్వరరావుగారు చెప్పారు. టౌనోడివి, ఎండ తగిలిందిరా అన్నారు."

ఇద్దరూ ఆకాశం వైపు చూశారు. పొద్దుటినుంచీ ఎండ పొడ లేదు.

తెరేసమ్మ అతని చొక్కా విప్పింది. ఆకు కట్టలు మోసిన కుడి భుజం మీద, వీపు మీద పచ్చటి చారికలు. పీట మీద కూర్చోబెట్టి సబ్బుతో వీపు రుద్దింది. నీళ్ళు పసుపుపచ్చగా కారాయి. మళ్ళీ రుద్దింది. నాడి చూడనక్కర్లేదు, మెడ పక్కన కొట్టుకోవడం కంటికే కనబడుతోంది. 'చెప్పానా' అనే మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఐదు గంటలు మోశానమ్మా," అన్నాడు ఫిన్నీ, తల వంచుకుని. "నువ్వు రెండు నెలలు ఒళ్ళో పెట్టుక్కూర్చున్నావు."

బుధవారం పొద్దున్నే షాపుకి వెళ్ళేముందు, దాని పక్క సందులో ల్యాబుకి వెళ్ళి తన మూత్రం పరీక్షకి ఇచ్చాడు. రిపోర్టు మీద ముద్ర పడి వచ్చింది. తల్లికి వచ్చిందే అతనికీ వచ్చింది.

ఆ పై వారం గురువారం, సరిగ్గా రెండు వారాలకి, మళ్ళీ అదే గదిలో కూర్చున్నారు. ఆమె పరీక్ష శుభ్రంగా వచ్చింది. డాక్టర్ ప్రద్యుమ్న మొహం విప్పారింది.

"గుడ్. మానేశారు! చూశారా, మనసు పెడితే ఎంతలో పని? రేపు పొద్దున మొదటి కేసు మీదే. జ్ఞానేశ్వరీ, సంతకం తీసుకోండి."

జ్ఞానేశ్వరి కాయితం బల్ల మీద పెట్టి పెన్ను అందించింది. తెరేసమ్మ పెన్ను తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"ఎర్రగా రాసింది కొట్టెయ్యండి సార్. అప్పుడు పెడతా."

"ఏది?"

"నేను తాగుతానని రాశారే, అది. అబద్ధమాడానని రాసింది కూడా."

డాక్టరు వాచీ చూసుకున్నాడు. "అమ్మా, అయిపోయిందిగా. మానేశారు, మంచిది. పాతదెందుకు?"

"మానెయ్యటానికి నేను మొదలుపెట్టలేదండి. పచ్చాకు గుచ్చే పని చేశాను. తడి ఆకు ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం. పని మానేశాను, పోయింది."

ఫిన్నీ తన రిపోర్టు ముందుకి తోశాడు. "సార్, నేను సిగరెట్టు ముట్టుకోను. ఒక్క పూట తడి ఆకు మోశాను. మర్నాడు పరీక్ష చేయిస్తే ఇది."

డాక్టరు రిపోర్టు చూసి, అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "అయితే నువ్వూ తాగుతావన్నమాట."

ఫిన్నీ చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వైపు తిరిగాడు. రెండు వారాల తరవాత మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ గదిలో నిజం చెప్తే ఎలా ఉంటుందో అతనికిప్పుడు తెలిసింది.

"సంతకం పెట్టకపోతే ఆ టైము వేరేవాళ్ళకి ఇస్తాను," అన్నాడు డాక్టరు. "మళ్ళీ నెలకి గానీ దొరకదు. కాలు మీది."

"కాలు నాదే," అంది తెరేసమ్మ. "ఆ కాయితంలో పేరూ నాదే. నా పనేందో అందులో ఉందా సార్?"

జ్ఞానేశ్వరి మొదటి పేజీ తిప్పింది. "వృత్తి దగ్గర హౌస్‌వైఫ్ అని ఉంది సార్."

"ఎవరు రాశారు?"

"కింద కౌంటర్లో. ఆడవాళ్ళకి అందరికీ అదే రాస్తారు సార్." ఆమె ఒక క్షణం ఆగింది. "మనమూ అడగలేదు."

"డిసెంబరులో మీరు ఫొటో తీసింది క్రిస్మస్‌కి ముందండి," అంది తెరేసమ్మ. "ఎముక మొదలైందని మీరే అన్నారు. నేను ఆకులో కూర్చుంది క్రిస్మస్ మర్నాడు. అప్పట్నుంచి ఆగింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నా మాట నమ్మొద్దు. మీ ఫొటోలు మీరు చూసుకోండి."

డాక్టరు విసుగ్గానే రెండు ఎక్సరేలు తీసి లైటు ముందు పెట్టాడు. తారీఖులు చూశాడు. జనవరిదొకటి ఉంటే అదీ తీసి మధ్యలో పెట్టాడు. బయట నర్సు తలుపు తోసి తల పెడితే చేత్తో ఆగమన్నాడు. ఫోను తీసి ఏదో వెతికి చాలాసేపు చదివాడు. తెరేసమ్మకి గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. ఈసారి అది భయం. ఆ టైము పోతే నెల. ఆ నెలలో ఏమవుతుందో తెలియదు. అయినా పెన్ను ముట్టుకోలేదు.

డాక్టరు ఫోను బోర్లించి పెట్టాడు. ఎర్ర రాతని అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం చేసి, కింద నీలం పెన్నుతో ఐదు లైన్లు రాశాడు. క్షమాపణ అనే మాట ఆయన నోట రాలేదు. "ఆపరేషను అయ్యాక మళ్ళీ ఆ పనికి వెళ్ళారంటే ఇదంతా వృథా," అన్నాడు. 'మీరు' తిరిగి వచ్చింది.

తెరేసమ్మ ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ సంతకం చేసింది.

"ఈ పేజీ నాకొక జిరాక్సు కావాలండి."

"ఎందుకు?"

"అక్కడ ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు."

డాక్టరు తరవాతి కేసుషీటు అందుకున్నాడు. జ్ఞానేశ్వరే పేజీ తీసుకుని లేచింది.

మధ్యాహ్నం బస్సుకి ఫిన్నీ జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని ఊరికి బయల్దేరాడు. సాయంత్రం నాలుగు గంటలకి వార్డులో తెరేసమ్మ ఫోను మోగింది. ఎత్తితే అతను మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకుని నడుస్తున్నట్టుంది. ట్రాక్టరు చప్పుడు, ఎండుటాకుల గలగల, ఆడవాళ్ళ మాటలు. పందిరి అని పోల్చుకుంది. ఫోను చెవికి నొక్కిపట్టుకుంది.

"ఏంట్రా, మీ అమ్మ పంపించిందా?" రాజ్యలక్ష్మి గొంతు.

ఫిన్నీ కాయితం మడత విప్పిన చప్పుడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ, తడుముకుంటూ చదివాడు. "పేషెంటు పొగాకు కూలీ. ఈమెకి పొగాకు తాగే, నమిలే అలవాటు లేదు. పచ్చి ఆకు తడి వల్ల చర్మంలోంచి నికోటిన్ ఒంట్లోకి దిగింది. అందువల్ల ఎముక అతకడం ఆగింది. తల తిరగడం, వాంతులు, గుండెదడ కూడా ఇందువల్లే వస్తాయి. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ పని చెయ్యకూడదు. చేసేవాళ్ళకి చేతి తొడుగులు, తడవని బట్టలు ఇవ్వాలి. డాక్టర్ ప్రద్యుమ్న."

"ఆపు! నా పందిట్లోకొచ్చి నాకే పాఠాలా? ఏమేవ్, మీరు కానివ్వండే, పని చూసుకోండి!" రాజ్యలక్ష్మి గొంతు పందిరంతా మోగింది. "ఎవత్తయినా లేచిందంటే రేపట్నుంచి రానక్కర్లేదు!"

ఫోనులో ఆకుల చప్పుడు కూడా లేదు. ఎవరిదో దబ్బనం నేలమీద పడ్డ చిన్న శబ్దం. ఎవరో పీట జరుపుకున్నారు.

అప్పుడు అమలమ్మ మాట్లాడింది. బొంగురు గొంతు, పన్నెండు రోజులుగా తెరేసమ్మతో మాట్లాడని గొంతు.

"కూసేపాగండమ్మా మీరు. ఒరే ఫిన్నీ, నాకు సరిగ్గా వినపళ్ళేదు. మొదట్నుంచి ఇంకోసారి చదువు."